ఆట ఆపండి, కోచ్‌గారు మాట్లాడతారు

ఆట మధ్యలో కోచ్ రిఫరీతో మాట్లాడితే ఆటకు అడ్డమని అనుకునే అమాయకులు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. మాటలకు ఆటే అడ్డమని వాళ్లకు ఎప్పటికి తెలిసొస్తుందో!

మీరే ఆలోచించండి. ఇద్దరు చదువుకున్న పెద్దలు ఒక త్రో-ఇన్ గురించి తీరిగ్గా మాట్లాడుకుంటున్నారు. ఇంతలో ఎక్కణ్నించో ఒక బంతి దొర్లుకుంటూ వస్తుంది. దాని వెనకాలే పద్నాలుగు మంది పిల్లలు! చర్చ కాస్తా చెల్లాచెదురవుతుంది. ఇదేం మర్యాద?

నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. కాళ్లు మంచివైతే ఊరు మంచిదని ఎవరైనా అన్నారా? అనలేదు. ఫుట్‌బాల్ ఆడేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

బెంగళూరులో సర్జాపుర రోడ్డు వాళ్లు గమనించారు. అక్కడి అపార్ట్‌మెంట్లన్నీ కలిసి తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు ఒక ఆదివారం లీగ్ నడుపుతున్నాయి. జట్టుకు ఏడుగురు, పావుగంట చొప్పున రెండు భాగాలు, మొత్తం అరగంట ఆట. అరగంట ఆటను మూడు గంటలకు పెంచిన ఘనత ప్రపంచంలో ఇంకే లీగ్‌కైనా ఉందేమో నాకు తెలియదు. ఉంటే వాళ్లతో మాట్లాడాలని ఉంది.

అయితే ఏ గొప్ప సంస్కరణకైనా మొదట ఒక మొండివాడు ఎదురుపడతాడు. మా సంస్కరణకు ఎదురుపడినవాడు రిఫరీ ఇస్సాకు.

ఇస్సాకుకు నలభై ఆరేళ్లు. నగర్తపేటలో ఒక సందులోపల సందులో వాళ్ల వర్క్‌షాప్. షీల్డుల మీదా, కప్పుల మీదా, ఇత్తడి పలకల మీదా పేర్లు చెక్కడం వారమంతా అతని పని. ఊళ్లో సగం మంది గెలుపులు అతని చేతిమీదుగానే పోయాయి. ఆదివారం మాత్రం నల్ల జెర్సీ వేసుకుని, మెడలో విజిల్ తగిలించుకుని, స్కూటర్ మీద సర్జాపుర రోడ్డుకు వస్తాడు.

మనిషి మంచివాడే. ఒక్కటే లోపం. మాట్లాడడు.

తప్పు పూర్తిగా అతనిది కాదు. అతనికి రిఫరీ విద్య నేర్పిన పాపయ్య పాతకాలపు మనిషి. "దేవుడు రిఫరీకి రెండు చేతులిచ్చినాడు, ఒక విజిల్ ఇచ్చినాడు. నోరు అన్నం తినేదానికప్పా," అని నేర్పాడట. ఆ కాలంలో కోచ్ గీత అవతలి నుంచి "ఏయ్! కండ్లు ఉండాయా లేవా?" అని అరిచేవాడు. పాపయ్య అరచెయ్యి చూపించేవాడు. అంతటితో సంభాషణ సమాప్తం. రెండు సెకన్లు! ఆట అయ్యాక ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర ఇడ్లీలు తింటూ మిగతా తిట్లు పూర్తి చేసుకునేవారు.

ఎంత అనాగరికం! అవతలివాడి మనసులో ఏముందో తెలుసుకోకుండా ఇడ్లీ ఎలా దిగేదో?

అందుకే ఈ ఏడాది లీగ్ కమిటీ కొత్త పాలసీ తెచ్చింది. దాన్ని రాసినవారు నీలి జట్టు కోచ్‌గారు. ఆయన పేరు చెప్పను, పబ్లిసిటీ ఆయనకు గిట్టదు. నలభై దాటినా ముప్పై అయిదేళ్లవాడిలా కనిపిస్తారు. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద పదవి. జీవితంలో ఎన్నడూ ఫుట్‌బాల్ ఆడలేదు కాబట్టి ఆట గురించి ఆయనకు ముందస్తు అభిప్రాయాలేమీ లేవు. నాలుగు సాయంత్రాలు కూర్చుని పద్నాలుగు పేజీల పాలసీ రాశారు. కమిటీలో ఒక్కరు కూడా దాన్ని వ్యతిరేకించలేదు. చదివితే కదా వ్యతిరేకించడానికి!

ఆ పద్నాలుగు పేజీలనూ ఏడు నిబంధనలకు కుదించి, ఒక ఇత్తడి పలక మీద చెక్కించి, మైదానం కంచెకు బిగించారు. చెక్కింది ఎవరనుకున్నారు? ఇస్సాకే.

నిబంధనలు చాలా సింపుల్. కోచ్ మనసులో కలిగే బెంగకు 'కన్సర్న్' అని పేరు పెట్టారు. కన్సర్న్ కలిగితే కోచ్ కంచెకు గుచ్చి ఉన్న ఆకుపచ్చ జెండా తీసి ఎత్తాలి. వెంటనే గడియారం ఆగుతుంది. రిఫరీ నడుచుకుంటూ వచ్చి, మధ్యలో అడ్డు రాకుండా అంతా విని, తను విన్నది తిరిగి అప్పజెప్పాలి. "అవును, నేను చెప్పింది అదే" అని కోచ్ ఒప్పుకునేదాకా అప్పజెబుతూనే ఉండాలి. ఆ తర్వాత అవతలి కోచ్‌కూ అంతే సమయం ఇవ్వాలి.

అన్నిటికన్నా గొప్పది ఆరో నిబంధన. కన్సర్న్‌ను ఎత్తినవారే మూయాలి, ఇంకెవరూ మూయకూడదు. ఒక్కటి తెరిచి ఉన్నా రిఫరీ ఆఖరి విజిల్ ఊదకూడదు. ఆఫీసుల్లో పని చేసేవాళ్లకు ఈ పద్ధతి బాగా తెలుసు. అక్కడ కూడా పని అయిపోయినా మీటింగ్ ఆగదు కదా!

ఇక ఆ ఆదివారం సంగతికి వద్దాం.

ఆ రోజు ఇస్సాకుకు తొందర ఉంది. అతని కూతురు కృపకు పదకొండేళ్లు. పోయిన క్రిస్మస్‌కు చర్చిలో ఒంటరిగా పాడటానికి నిలబడి, రెండో చరణం దగ్గర మాట మరిచిపోయి, మైకు ముందే ఏడ్చేసింది. అప్పటినుంచి పాడటానికి నోరు విప్పలేదు. ఎన్నో నెలల బతిమాలుడు తర్వాత మళ్లీ పాడతానంది, ఈ ఆదివారం పదిన్నరకు. ఒకటే షరతు. నాన్న తనకు కనిపించేచోట ఉండాలి.

"నువ్వు లేకుంటే నేను లేవను నాయనా," అని ముందే తేల్చి చెప్పేసింది.

ఇస్సాకు లెక్క వేసుకున్నాడు. ఎనిమిదికి ఆట మొదలు. ఎంత సాగదీసినా తొమ్మిదికి అయిపోతుంది. ఊళ్లోకి స్కూటర్ మీద గంట ప్రయాణం. తొమ్మిదిన్నరకు బయలుదేరినా సరిపోతుంది. పాపం, పలక మీద నిబంధనలు చెక్కిన మనిషే ఇలా లెక్క వేశాడంటే ఆశ ఎంత పని చేస్తుందో చూడండి!

ఎనిమిదింటికి విజిల్ ఊదాడు. నీలి జట్టుకూ పసుపు జట్టుకూ సెమీఫైనల్.

ఎనిమిదీ మూడుకు బంతి గీత దాటింది. ఇస్సాకు నీలి జట్టు వైపు చెయ్యి చూపించాడు. పసుపు జట్టు కోచ్ కిరణ్మయి ఆకుపచ్చ జెండా ఎత్తింది. కిరణ్మయి సామాన్యురాలు కాదు. నాలుగు దేశాలవాళ్లను ఒకే కాల్‌లో కూర్చోబెట్టి, ఏమీ తేలకుండా, అందరి చేతా థాంక్యూ చెప్పించుకోగలదు. మైదానం చూసుకునే రియాజ్ స్కోర్‌బోర్డు దగ్గర గడియారం ఆపాడు. ఇస్సాకు నడుచుకుంటూ వచ్చాడు.

"సర్, మీ డెసిషన్‌ని నేను క్వశ్చన్ చేయట్లేదు. దాని వెనకాల మీ థాట్ ప్రాసెస్ తెలుసుకుందామని, అంతే," అంది కిరణ్మయి.

"బాలు మీ పాప కాలికి తగిలి బయటికి పోయిందమ్మా."

"అది రిజల్ట్ సర్. నేను అడుగుతున్నది ప్రాసెస్."

ఇస్సాకు తన కళ్లను వేలితో చూపించాడు. "చూసినాను," అన్నాడు. "అంతేనమ్మా ప్రాసెస్సు."

"ఓకే. నా కన్సర్న్ ఒకసారి రిపీట్ చేస్తారా?"

"త్రో మీకే రావాల అంటా ఉండారు."

"నో నో, నేను అలా అనలేదు. మాకు రావాల్సిందేమో అనే ఫీలింగ్ వచ్చింది అన్నాను."

"మీకు ఆ ఫీలింగ్ వచ్చింది అంటా ఉండారు."

"నాకు కాదు సర్, టీమ్‌కి."

టీమ్ వైపు చూశాడు ఇస్సాకు. టీమ్‌లో ఇద్దరు కూర్చుని ప్లాస్టిక్ గడ్డిలోంచి షూలోకి దూరిన నల్ల రబ్బరు రవ్వ దులుపుకుంటున్నారు. ఒకడు మేజోడు విప్పి చేతికి తొడిగి దానితో మాట్లాడుతున్నాడు. గోల్‌కీపర్ నెట్‌లో వేళ్లు ఇరికించుకుని వేలాడుతోంది. ఫీలింగ్ ఎవరికి వచ్చిందో కనిపెట్టడం కష్టంగానే ఉంది.

నాలుగోసారికి అప్పజెప్పడం కుదిరింది. తర్వాత నీలి జట్టు కోచ్‌గారికి సమాన సమయం. ఆయనకు త్రో ఎలాగూ వచ్చింది కాబట్టి ఫిర్యాదు లేదు. అయినా వచ్చిన అవకాశాన్ని వదులుకునే రకం కాదాయన. ఈ చర్చ జరిగిన తీరు చాలా హెల్తీగా ఉందని మూడు నిమిషాలు మాట్లాడారు. నీలి జట్టు పిల్ల శ్రీజ రెండు చేతుల్తో బంతి పట్టుకుని అంతసేపూ గీత మీదే నిలబడింది. చివరికి విసిరింది. బంతి నేరుగా అవతలి గీత దాటి బయటికి పోయింది.

కిరణ్మయి జెండా మళ్లీ లేచింది.

ఎనిమిదీ ముప్పావుకు స్కోర్‌బోర్డు మీద ఆట వయసు ఎనిమిది నిమిషాలు. అప్పటికి తొమ్మిది కన్సర్న్‌లు తెరిచి మూశారు. ఇస్సాకు విజిల్ టోన్ కొంచెం హార్ష్‌గా ఉందని ఒకటి. పసుపు జట్టు వైపు వేలు చూపించినప్పుడు నిందిస్తున్నట్టు ఉందని ఒకటి. వేలు ముడిచి అరచెయ్యి చూపిస్తే, ఏ వైపో క్లారిటీ లేదని ఇంకొకటి. తమ గోల్‌కీపర్ పట్టుకోబోయిన బంతి కాళ్ల సందులోంచి పోయినప్పుడు రిఫరీ ముఖంలో ఒక ఎక్స్‌ప్రెషన్ కనబడిందని నీలి జట్టు కోచ్‌గారు జెండా ఎత్తారు.

"నవ్వలేదప్పా. ఎండ కండ్లల్లో పడింది," అన్నాడు ఇస్సాకు.

"ఇంటెంట్ గురించి నేను మాట్లాడట్లేదు సర్. ఇంపాక్ట్ గురించి మాట్లాడుతున్నాను."

ఎండను కూడా లెక్కలోకి తీసుకున్న చర్చ అది! పాపయ్య కాలంలో ఎండ గురించి ఎవరైనా పట్టించుకున్నారా?

తొమ్మిదీ అయిదుకు ఇస్సాకు సిగ్గు విడిచి నోరు తెరిచాడు. "నేను తొమ్మిదిన్నరకు పోవాలప్పా. నా బిడ్డ చర్చిలో పాడతాది. సల్ప ఆడనిస్తిరంటే, మిగిలిన ఆటంతా ఇరవై నిమిషాల్లో అయిపోతాది."

"ష్యూర్ సర్. ఫ్యామిలీ ఫస్ట్," అంది కిరణ్మయి ఎంతో ఆప్యాయంగా.

"హండ్రెడ్ పర్సెంట్," అన్నారు నీలి జట్టు కోచ్‌గారు.

ఆ తర్వాత, ఫ్యామిలీ గురించి రిఫరీ మైదానంలో ప్రస్తావించడం వల్ల కోచ్‌ల మీద ప్రెషర్ పడుతుందా పడదా అని ఒక కన్సర్న్ ఎత్తారు. దానికి పన్నెండు నిమిషాలు పట్టింది.

చూశారా! ఇదంతా చదువుతూ మీలో కొందరు పళ్లు కొరుకుతున్నారని నాకు తెలుసు. వాళ్లను ఒకటే అడుగుతాను. ఇంత మంచి పద్ధతిని ఆటలకే ఎందుకు వదిలేయాలి? ఆపరేషన్ మధ్యలో డాక్టర్ కత్తి పక్కన పెట్టి, బయట కూర్చున్న పేషెంట్ బావమరిదికి తన థాట్ ప్రాసెస్ వివరిస్తే ఎంత బాగుంటుంది? చిక్కపేటలో బట్టల మూటలు వేసుకుని తోపుడుబండి లాగేవాడు ప్రతి మలుపు దగ్గరా ఆగి, వెనకున్న ఆటోలన్నిటి ఫీలింగ్సూ తిరిగి అప్పజెబితే? మంగళసూత్రం కట్టేముందు పెళ్లికొడుకు రెండువైపుల మేనమామలకూ సమాన సమయం ఇస్తే? చాలా సమస్యలు పుట్టకుండానే పోతాయి. పెళ్లిళ్లే జరగవు కదా!

సరే, మైదానానికి వద్దాం. తొమ్మిదీ ఇరవై అయింది. ఆట వయసు పదమూడు నిమిషాలు. సగం ఆట కూడా కాలేదు.

పసుపు జట్టుకు కార్నర్ కిక్ వచ్చింది. బంతి ఎడమవైపు బయటికి పోయింది కాబట్టి ఇస్సాకు ఎడమ మూల చూపించాడు. నీలి జట్టు కోచ్‌గారు జెండా ఎత్తారు.

"సర్, ఆ కార్నరే ఎందుకు? ఈ కార్నర్ ఎందుకు కాదు? ఆప్షన్స్ ఎవాల్యుయేట్ చేశారా?"

ఇస్సాకు జేబులో ఫోను వణికింది. భార్య రాచెల్ మెసేజ్. ఆమె నర్సు. రాత్రి డ్యూటీ దిగి, నిద్ర కూడా పోకుండా కూతురిని చర్చికి తీసుకుపోయింది. "నాయన వస్తాడా అని పాప పదిసార్లు అడిగె. ఏం చెప్పాల?"

ఇస్సాకు ఫోను తిరిగి జేబులో పెట్టాడు. ఇరవై రెండేళ్లు విజిల్ ఊదాడు. ఒకసారి తాగుబోతు ప్రేక్షకులు రాళ్లు విసిరినా ఆట ఆపలేదు. ఇక్కడ రాళ్లు లేవు, తిట్లు లేవు. ఇద్దరు మర్యాదస్తులు చిరునవ్వుతో తన కూతురి పాటను నిమిషం నిమిషంగా తినేస్తున్నారు. వదిలేసి వెళ్లిపోదామా అంటే ఆట మధ్యలో పారిపోయిన రిఫరీ అంటారు. పాపయ్య శిష్యుడు ఆ పని చేయలేడు.

దిక్కుతోచక కంచె వైపు చూశాడు. ఎండలో ఇత్తడి పలక మెరుస్తోంది. తను చెక్కిన అక్షరాలే. రాసినవాళ్లు రాసి మరిచిపోవచ్చు, ఒప్పుకున్నవాళ్లు చదవకుండానే ఒప్పుకోవచ్చు. చెక్కేవాడికి ఆ వీలు లేదు. ప్రతి అక్షరం దగ్గరా ఆగాల్సిందే. ఆ ఏడు నిబంధనల్లో ఏముందో, ఏం లేదో బెంగళూరు మొత్తం మీద తెలిసినవాడు ఇస్సాకు ఒక్కడే.

ఏడో నిబంధన చూశాడు. చూస్తూ నిలబడ్డాడు. తర్వాత మెల్లగా కంచె దగ్గరికి నడిచి, అక్కడ గుచ్చి ఉన్న ఒక ఆకుపచ్చ జెండా లాగి పైకెత్తాడు.

అందరూ అటే చూశారు. మేజోడుతో మాట్లాడుతున్న పిల్లవాడు కూడా ఆగాడు.

"ఏమైంది సర్?" అంది కిరణ్మయి.

"నాకూ ఒక కన్సర్ను ఉండాదమ్మా."

"రిఫరీకా? రిఫరీ ఎత్తకూడదనుకుంటా..."

"ఏడో రూలు చూడమ్మా. 'మైదానంలో ఉన్న ఎవరైనా' అని ఉండాది. నేనే చెక్కినాను."

ఇద్దరు కోచ్‌లూ వెళ్లి పలక చదివారు. బహుశా మొదటిసారి. ఆ మాట అందరినీ కలుపుకుపోయేలా ఉందని నీలి జట్టు కోచ్‌గారు ఒకనాటి సాయంత్రం ఎంతో మురిసిపోయి రాశారు. ఇప్పుడు మళ్లీ చదివి, మళ్లీ మురిసిపోయారు. ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారు గానీ, పడుతూ గొయ్యి ఎంత బాగా తవ్వానో అని మెచ్చుకునేవాళ్లు అరుదు.

"ప్లీజ్ సర్, చెప్పండి. ఇక్కడ మీరు ఏదైనా ఫ్రీగా చెప్పొచ్చు," అన్నారాయన.

ఇస్సాకు అడిగాడు. "ఈ ఆట ఎవురిది?"

కిరణ్మయి నోట్స్ రాసుకోవడానికి ఫోన్ తీసింది.

"అంటే... సర్ ఓనర్‌షిప్ గురించి అడుగుతున్నారు. రైట్?" అంది కిరణ్మయి.

"కాదమ్మా."

"స్టేక్‌హోల్డర్స్ ఎవరు అని అడుగుతున్నారు," అన్నారు కోచ్‌గారు.

"కాదప్పా. బాగా యోచన చేసి చెప్పండి. తొందర లేదు." జెండాను వాళ్లిద్దరి మధ్య నేలలో గుచ్చాడు. "అర్థమైనాక చెప్పండి, వచ్చి మూస్తాను. నేను తప్ప ఇంకెవురూ మూసేకి లేదు. ఆరో రూలు."

"మరి గేమ్?"

"కన్సర్ను తెరిచి ఉండాది కదా. గడియారం ఆగిపోయింది. విజిలు ఊదే పని లేదు." విజిల్ మెడలోంచి తీసి కంచెకు తగిలించాడు. "పిల్లోళ్లు కూడా ఆగిపోవాలని పలక మీద యాడా లేదు. నేను చెక్కలేదు."

తర్వాత పిల్లల వైపు తిరిగాడు. "ఆడుకోండప్పా సుమ్నే, ఊరికే," అన్నాడు.

పద్నాలుగు మంది ఒక క్షణం నమ్మలేదు. మరుక్షణం బంతి వెనకాల పడ్డారు. స్కోర్‌బోర్డు దగ్గర రియాజ్ ఒక అట్టముక్కా పెన్నూ తీసుకుని గోల్స్ రాసుకోవడానికి సిద్ధమయ్యాడు. కంచె పక్కన కూర్చున్న అమ్మానాన్నలు ఫోన్లు దించారు.

తొమ్మిదీ ముప్పై రెండుకు ఇస్సాకు స్కూటర్ గేటు దాటింది.

ఆదివారం కూడా బెంగళూరు ట్రాఫిక్‌కు సెలవుండదు. తవ్విన రోడ్లూ, ఆగిన బస్సులూ, అడ్డంగా తిరిగే వాటర్ ట్యాంకర్లూ దాటుకుంటూ పోయాడు. ప్రతి సిగ్నల్ దగ్గరా గడియారం చూసుకున్నాడు. చర్చి చేరేసరికి పదీ ముప్పై ఎనిమిది. లోపల కృప లేచి నిలబడి ఉంది. మైకు పట్టుకుని, పాడకుండా, తలుపు వైపే చూస్తోంది. మొదటి వరుసలో రాచెల్ తల దించుకుని కూర్చుంది. కీబోర్డు వాయించే డానియల్ మొదటి రెండు వరుసల స్వరాలనే మళ్లీ మళ్లీ తిప్పుతూ మర్యాదగా కాలక్షేపం చేస్తున్నాడు.

నల్ల జెర్సీలో, రెండు జేబుల్లో రెండు కార్డులతో, చెమటలు కక్కుతూ ఇస్సాకు తలుపు దగ్గర నిలబడ్డాడు. కృప చూసింది. పాట మొదలుపెట్టింది.

మొదటి చరణం బాగానే సాగింది. రెండో చరణంలో, సరిగ్గా పోయినసారి ఆగినచోటే, ఆగింది. మాట పోయింది. పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. తలుపు వైపు చూసింది.

ఇస్సాకు రెండు చేతులూ ముందుకు చాచి పైకి ఊపాడు. రిఫరీ మైదానంలో ఆ సైగ చేశాడంటే, తప్పు జరిగింది, నేను చూశాను, అయినా ఆట ఆపను, నువ్వు ముందుకు సాగు అని అర్థం. నగర్తపేట ఇంట్లో కృప చిన్నప్పటినుంచీ చూసిన సైగ అది. పాలు ఒలికినా అదే సైగ, ఎక్కాలు తప్పినా అదే సైగ.

కృప ఆ వరుస వదిలేసి తర్వాతి వరుస అందుకుంది. గొంతు తేటగా లేచింది. ఇస్సాకు పక్కన నిలబడ్డ పెద్దాయన ఒకరు, ఈ మనిషి చేతులు చాచి భక్తిలో మునిగిపోయాడనుకుని, తనూ చేతులు చాచి గట్టిగా "ఆమెన్" అన్నాడు. వెనక రెండు వరుసలవాళ్లూ చాచారు. పాట అయిపోయేదాకా ఇస్సాకు చేతులు దించలేదు. కళ్లు తుడుచుకోవాలన్నా ఖాళీ లేకపోయింది.

ఒక్క మాట కూడా లేని సంభాషణ. చూశారా ఎంత వెనకబాటుతనమో!

ఇక్కడ మైదానంలో మాత్రం చర్చ దేదీప్యమానంగా సాగింది. ఈ ఆట ఎవరిది? లీగ్‌దా? కమిటీదా? మైదానం యజమానిదా? జెర్సీలు ఇచ్చిన స్పాన్సర్లదా? రూల్స్ రాసిన ఫెడరేషన్‌దా? ఒక జాబితా రాశారు. జాబితాకు నిలువు గడులు గీశారు. పదకొండింటికి మొత్తం పద్దెనిమిది జవాబులు తేలాయి. పన్నెండుకు కిరణ్మయి వాటిని మూడు గుంపులు చేసింది. నీలి జట్టు కోచ్‌గారికి అంతటి సంతృప్తి ఆఫీసులో కూడా ఎప్పుడూ కలగలేదు. వెనకాల ఏవో కేకలూ, చప్పట్లూ వినిపించాయి గానీ ఏకాగ్రత ఉన్న మనిషి వాటిని పట్టించుకోడు.

పన్నెండున్నరకు పిల్లలు ఆకలేస్తోందని వాళ్లంతట వాళ్లే ఆట ఆపేశారు. రియాజ్ అట్టముక్క మీద నీలి పదిహేడు, పసుపు పదిహేడు అని ఉంది. త్రో-ఇన్ ఎవరిదని గొడవ వచ్చినప్పుడల్లా బంతి ఎవరికి దగ్గరగా ఉంటే వాళ్లు విసిరారట. మూడున్నర సెకన్లు పట్టేదట. అభివృద్ధి చెందని జాతులు ఇలాగే ఉంటాయి.

ఇక నీలి జట్టు కోచ్‌గారి పేరు. ఈపాటికి మీరు పసిగట్టే ఉంటారు. అవును, నేనే. చూడటానికి ముప్పై అయిదేళ్లవాడిలా ఉంటానన్నది మాత్రం నిజం.

మరునాడు ఇస్సాకుకు ఫోన్ చేసి, పద్దెనిమిది జవాబులూ చదివి వినిపించాను. అంతా విన్నాడు. ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. "ఇంకా ఒకటి మిగిలి ఉండాదప్పా," అన్నాడు. ఆ తర్వాత ఫోన్ తీసుకున్న రాచెల్‌గారు చర్చి సంగతంతా చెప్పారు. ఆమె గొంతులో సంతోషం విని నాకు సంతోషమే కలిగింది. ఎందుకో కొంచెం గుచ్చుకుంది కూడా.

గుచ్చుకోవడానికి కారణం ఉంది. ఆ ఆదివారం మైదానం నుంచి ఇంటికి నడుస్తున్నప్పుడు మా అమ్మాయి నా వేలు పట్టుకోలేదు. నీలి జెర్సీ వేసుకుని గీత మీద బంతి పట్టుకుని నిలబడిన శ్రీజ ఉందే, అదే మా అమ్మాయి. వయసు ఎనిమిది. ఆ సీజన్ మొత్తం మీద ఒక్క గోల్ కూడా కొట్టని పిల్ల.

"ఆట ఎలా సాగిందమ్మా?" అని అడిగాను.

"మూడు గోల్స్ కొట్టాను."

"మూడా! ఎప్పుడు?"

"మూడోది నీ వెనకాలే కొట్టాను. నాన్నా చూడు, నాన్నా చూడు అని అరిచాను. నువ్వు ఇటు తిరక్కుండానే అరచెయ్యి చూపించావు."

పాలసీ రాసినవాణ్ని. నిబంధన తప్పలేను. విన్నది తిరిగి అప్పజెప్పాను.

"అంటే... నువ్వు మూడు గోల్స్ కొట్టావు. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. ఒక్కటీ చూడలేదు. అంతేనా?"

"అంతే," అంది శ్రీజ.

ఒక్క మాట తప్పు పోకుండా మొదటిసారే అప్పజెప్పడం మా లీగ్ చరిత్రలో అదే ప్రథమం. కన్సర్న్‌ను మాత్రం మా అమ్మాయి ఇంకా మూయలేదు.